చందనాగరువులు: పురుషానులేపనమున నొక యెన్నిక

ఆంధ్రకావ్యములను బోధించువారికిని చదువువారికిని చందనము, అగరు అను రెండు మాటలు క్రొత్తవి కావు. నాయకుడు స్నానము ముగించి వెలువడినప్పుడు, రాజు కొలువు దీరినప్పుడు, ఋతువర్ణనము లారంభమైనప్పుడు ఈ రెండింటిలో నొకటి గాని రెండును గాని కానవచ్చుచుండును. తరగతిలో నధ్యాపకుడు సాధారణముగ రెండింటికిని 'సుగంధద్రవ్యము' అని యర్థము చెప్పి ముందునకు సాగిపోవును. మేమును ననేక సంవత్సరము లట్లే చేసితిమి. ఒకనాడు హేమంతవర్ణనము పాఠము చెప్పుచుండగా నొక విద్యార్థి లేచి, "రెండును పరిమళించు కొయ్యలే కదా! కవి యిచ్చట అగరునే యేల చెప్పవలెను? చందన మన్నచో నేమి లోపము?" అని యడిగెను. ఛందస్సు కొఱకని చెప్పి యప్పటికి తప్పించుకొంటిమి. ఆ సమాధానము విద్యార్థికి తృప్తి నిచ్చెనో లేదో కాని మాకు మాత్రము నీయలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మే మాలస్యముగ చెప్పుచున్న సమాధానము.

ప్రశ్న చిన్నదిగ తోచును. కాని పూర్వకాలపు పురుషుడు తన దేహమునకు పరిమళము నెన్నుకొనుటలో నే నియమమును పాటించె నను చరిత్ర యంతయు దానిలో నిమిడియున్నది. ఆ నియమము తెలియనిచో కావ్యములలోని యనేక వర్ణనములు మనకు వట్టి పట్టికలుగా మిగిలిపోవును.

మొదట ఈ రెండింటికిని గల పోలికను గుర్తింపవలెను. పోలిక లేనిచో భ్రాంతికే తావుండదు. రెండును చెట్టు చేవకు సంబంధించినవి. రెండింటిని సానపై నరగదీసియు, పొడిచేసియు వాడుదురు. రెండింటితోడను కర్పూరము, కస్తూరి, కుంకుమపువ్వు, తక్కోలము మున్నగు ద్రవ్యములు చేరును. పురుషులును స్త్రీలును రెండింటిని ధరించిరి. అమరకోశమున యక్షకర్దమమను మిశ్రమమునకు కర్పూరము, అగరు, కస్తూరి, తక్కోలము అను నాలుగు ద్రవ్యములు చెప్పబడినవి. వైద్యనిఘంటువులలో నదే పేరిట చందనమును కుంకుమమును గూడ చేరినవి. ఇట్లు ఒక పేరు గల లేపనమే యొకచోట చందనములేనిదిగను, వేఱొకచోట చందనముతో గూడినదిగను కానవచ్చుచున్నది.

ఇంతకంటె విచిత్రమైన యుదాహరణము కౌటిల్యుని యర్థశాస్త్రమున గలదు. రెండవ యధికరణమున, కోశమున చేర్పదగిన రత్నముల పరీక్షను చెప్పు పదునొకండవ యధ్యాయమున, చందనభేదములు పదునాఱును, అగరుభేదములు మూడును లెక్కింపబడినవి. జోంగకము అను పేరు రెండు పట్టికలలోను గలదు. చందనములలోని జోంగకము ఎఱ్ఱనిది, లేదా ఎఱుపు నలుపు కలిసినది; అగరువులలోని జోంగకము నల్లనిది, లేదా నల్లని చారలును మండలములును గలది. అమరసింహుని నాటికి జోంగక మను పదము అగరునకు పర్యాయముగ స్థిరపడినది. ఒకే దేశమునుండి వచ్చు రెండు సరకులకు ఒకే పేరు చెల్లుచుండెనని యిందువలన నూహింపవచ్చును. నాటి కోశాధ్యక్షునకే ఈ రెండింటిని వేఱుపఱచుటకు పరీక్ష లవసరమైనప్పుడు నేటి పాఠకుడు తడబడుటలో నాశ్చర్యము లేదు.

ఆ పరీక్షలను తెలిసికొనుటకు ముందు చెట్ల స్వభావమును కొంత తెలియవలెను. చందనవృక్షము ఇతర వృక్షముల వేళ్ళనుండి కొంత యాహారమును గ్రహించుచు పెరుగునది. దాని పైకొయ్యకు వాసన లేదు. అనేక సంవత్సరములు గడచిన పిమ్మట లోపల చేవ యేర్పడును. పరిమళతైల మా చేవయందును వేళ్ళయందును నుండును. అనగా చందనమునకు పరిమళము వయస్సుతో వచ్చునది. అగరుసంగతి యట్లు కాదు. ఆరోగ్యముగ నున్న అగరుచెట్టు కొయ్య తేలికయై, పాలిపోయిన వన్నె గలదై, వాసన లేక యుండును. ఆ చెట్టునకు గాయమై, పురుగు తొలిచి, బూజుజాతి సూక్ష్మజీవులు లోపల ప్రవేశించినప్పుడు చెట్టు తన్ను తాను రక్షించుకొనుటకై నల్లని జిగురును పుట్టించును. ఆ జిగురు నిండిన కొయ్యయే అగరు. అమరకోశము దీనికి క్రిమిజ మను పేరు చెప్పుటలో నీ పరిశీలనము కలదు. లోహమను పేరు బరువును సూచించును. జిగురు బాగుగ నిండిన కొయ్య నీట మునుగును. చీనాభాషలో దీనికి గల పేరునకు 'మునుగు పరిమళ'మని యర్థము. రాజార్హమను మూడవ పేరు దీని వెలను తెలుపుచున్నది.

ఇక కౌటిల్యుని పరీక్షలు. మంచి చందనము తేలికగను, జిడ్డుగను ఉండవలెను, త్వరగ నెండిపోరాదు, నేయివలె దేహమునకు పట్టవలెను, చర్మమును అనుసరించి లోనికి పోవలెను, తీవ్రముగ నుండరాదు, రంగు మారరాదు, వేడిని సహింపవలెను, దేహతాపమును హరింపవలెను, తాకినప్పుడు హాయి గొల్పవలెను. మంచి అగరు బరువుగను జిడ్డుగను ఉండవలెను, దాని వాసన దూరమునకు వ్యాపింపవలెను, నిప్పును సహించుచు మెల్లగ కాలవలెను, పొగ దట్టముగ నుండరాదు, మొదటినుండి తుదివఱకు వాసన యొకేరీతిగ నుండవలెను, తుడిచినను పోరాదు.

ఈ రెండు లక్షణములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో మన ప్రశ్నకు సగము సమాధానము లభించును. ఒకటి తేలిక, మఱియొకటి బరువు. ఒకటి చర్మము నాశ్రయించి దగ్గఱివారికి మాత్రమే తెలియునది, మఱియొకటి దూరమునకు పోవునది. ఒకటి తాపమును పోగొట్టునది, మఱియొకటి తానే తాపమును సహించి పొగయై వెలువడునది. కౌటిల్యుడు రెండింటిలో నేది శ్రేష్ఠమని యెచ్చటను చెప్పలేదు. దేనిలో మేలురకము నెట్లు గుర్తింపవలెనో మాత్రమే చెప్పెను. శ్రేష్ఠతను గూర్చిన ప్రశ్న మనది గాని వారిది కాదు.

ఈ ద్రవ్యములు వచ్చు దిక్కులును వేఱు. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గమున రఘువు దిగ్విజయయాత్రలో దక్షిణమున మలయదర్దురపర్వతములకడ చందనమును, తుదకు ప్రాగ్జ్యోతిషమున రఘువు నేనుగులను కట్టివేసిన నల్లయగరు చెట్లను వర్ణించెను. ఒకే యాత్రలో నొక కొన చందనము, మఱియొక కొన అగరు. ఏడవ శతాబ్దిలో బాణుడు హర్షచరిత్రమున కామరూపరాజు హర్షునకు పంపిన కానుకలలో నల్లయగరు తైలమును చెప్పెను. సముద్రము దాటి వచ్చు అగరు, వట్టివేరు వాసన గాని నవమల్లిక వాసన గాని గలదని కౌటిల్యు డెఱుగును. కనుక దక్షిణాపథవాసికి చందన మింటిప్రక్క సరకు. అగరు దూరదేశపు సరకు. ఈ భేదము ముందు మనకు పనికివచ్చును.

ఎన్నిక యెట్లు జరిగెనో చూతము. వాత్స్యాయనుని కామసూత్రమున నాగరకుని ప్రాతఃకాలచర్య చెప్పబడినది. అతడు దంతధావనము చేసిన పిమ్మట అనులేపనమును, ధూపమును, పుష్పమాలను స్వీకరించును. అనులేపనము మితముగ నుండవలెనని సూత్రకారుడు హెచ్చరించెను. లేపనము వేఱు, ధూపము వేఱు. ఒకటి చర్మమునకు, మఱియొకటి కేశములకును వస్త్రములకును చెందినది. ఆఱవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్త్యధ్యాయమున పదునాఱు ద్రవ్యములను చెప్పి, వానినుండి నాలుగేసి యెన్నుకొన్నచో 1820 సముదాయములగునని, ఒక్కొక్క సముదాయమున భాగభేదములచే 96 గంధములగునని, మొత్తము 1,74,720 గంధములు సిద్ధించునని లెక్కకట్టెను. ఆ పదునాఱింటిలో చందనమును అగరును రెండును గలవు. లెక్కకు నిలుచు గంధము లిన్ని యున్నప్పుడు వానిలో నొకదాని నెన్నుకొనుటకు నియమ మొకటి యుండక తప్పదు.

ఆ నియమమును స్పష్టముగ చెప్పినవారు వైద్యులు. చరకసంహిత సూత్రస్థానము ఆఱవ యధ్యాయమున ఋతుచర్య గలదు. హేమంతమున దేహమునకు అగరును దట్టముగ పూసికొనవలెనని చరకుడు చెప్పెను. వసంతమున చందనమును అగరును రెండింటిని పూసికొనవలెననెను. గ్రీష్మమున చందనము మాత్రమే. ఇంతకంటె తేటగ చెప్పుట కష్టము. చందనము శీతవీర్యము, అగరు ఉష్ణవీర్యము. చలికి అగరు, ఎండకు చందనము, రెండు కాలములు కలియుచోట రెండు ద్రవ్యముల కలయిక.

వాగ్భటుని అష్టాంగహృదయమున ఈ పంచాంగము మఱింత విస్తరించినది. హేమంతమున కుంకుమపువ్వును కస్తూరిని పూసికొని, అగరుధూపము పట్టవలెను. వసంతమున కర్పూరము, చందనము, అగరు, కుంకుమము నాలుగింటిని కలిపి పూసికొనవలెను. వర్షాకాలమున వస్త్రములకు ధూపము వేయవలెను. శరత్తున చందనము, వట్టివేరు, కర్పూరము. ఇచ్చట నొక సూక్ష్మభేదమును గమనింపవలెను. చరకుని హేమంతమున అగరు లేపనము. వాగ్భటుని హేమంతమున అది ధూపము. లేపనస్థానమును కుంకుమకస్తూరు లాక్రమించినవి. ఈ నడుమ కాలమున అగరు చర్మమును విడిచి నిప్పును చేరినదని మే మనము; చరకుని కాలమునను ధూపమున్నది, వాగ్భటుని వసంతలేపనమున అగరు నిలిచియేయున్నది. కాని అగరు క్రమముగ ధూపద్రవ్యముగ ప్రసిద్ధికెక్కిన చరిత్రకు ఈ భేద మొక సూచన యని మా యభిప్రాయము.

ఇప్పుడు ఆంధ్రదేశమునకు వత్తము. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన యభయశాసనమున సముద్రవర్తకులపై సుంకముల పట్టిక గలదు. అందు చందనమునకు తూకమునుబట్టి సుంకము చెప్పబడినది. కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, పునుగు మున్నగు పరిమళద్రవ్యములకు వెలనుబట్టి సుంకము. తూకమున కొలువదగినంత మోతాదులో చందనము చేతులు మాఱుచుండె ననుటకు ఇది సాక్ష్యము. తరువాతి శతాబ్దిలో కొండవీటి రెడ్డిరాజులలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవముల వలన కర్పూరవసంతరాయ బిరుదమును పొందెను. అతనికి పరిమళద్రవ్యములను సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును కృతి యిచ్చినది ఈ వర్తకునకే; ఆ గ్రంథమున అతని యోడలు ఏయే ద్వీపములనుండి యేయే సరకులను తెచ్చెనో కవి వర్ణించెను. రాజునకు గాక పరిమళవర్తకునకు మహాకవి కృతి నంకిత మిచ్చుట ఆ వ్యాపారమునకు నాడు గల గౌరవమును తెలుపుచున్నది. వైద్యులు పరిమళములన్నింటిని కలిపి పూయుమన్న ఋతువునందే కొండవీటిలో పరిమళోత్సవము జరుగుటయు గమనింపదగినది.

తెలుగుభాషయే ఈ చరిత్రకు మఱియొక సాక్షి. సంస్కృతమున గంధమనగా ముఖ్యముగ వాసన. తెలుగున గంధము పూయుట, గంధము తీయుట, గంధపుచెక్క అన్నప్పుడు గంధమనగా చందనమే. మంచిగంధమన్నను అదియే. వాసన యను సామాన్యపదము ఒక్క ద్రవ్యమునకు సొంతమైనది. పెండ్లిలో నతిథి మెడకు పూయునది, తాంబూలముతో నిచ్చునది, సింహాచలమున నరసింహస్వామిని వైశాఖశుద్ధ తదియనాడు తప్ప సంవత్సర మంతయు కప్పియుంచునది చందనమే. అగరు మాటకు పట్టిన గతి వేఱు. అది తెలుగువారి నోట నేడు ముఖ్యముగ అగరువత్తిలో మిగిలినది. ఆ వత్తిలో సాధారణముగ అగరు ఉండదు. ఒక మాట తన యర్థమును మించి పెరిగినది; మఱియొక మాట తన వస్తువును కోల్పోయి నిలిచినది.

ఇట్లేల జరిగెను? పైన చెప్పిన రెండు సంగతులను కలిపినచో కారణము దొరకునని మా నమ్మకము. మన దేశమున ఎండ యెక్కువ, చలి కొలదిదినములది. వైద్యుని పంచాంగము ప్రకారము అగరునకు తగిన కాలము మనకు తక్కువ, చందనమునకు తగిన కాల మెక్కువ. పైగా చందనము దక్షిణమున దొరకునది, అగరు దూరమునుండి రావలసినది. శీతోష్ణస్థితియు వాణిజ్యమును ఒకే వైపునకు మొగ్గినవి. కావుననే మన కవి హేమంతమున అగరును చెప్పినప్పుడు దానిలో శాస్త్రానుసరణముతో పాటు ఐశ్వర్యసూచనమును గలదు. ఆ నాయకుడు ఋతువు నెఱిగినవాడు; ఋతువునకు తగినదానిని దూరదేశమునుండి తెప్పించుకొన గలవాడు. 'సుగంధద్రవ్యవిశేషము' అను నిఘంటువు మాట ఈ రెండర్థములను తుడిచివేయుచున్నది.

ఇచ్చట ఒక యాక్షేపమునకు చోటు గలదు. చందనాగరువులను జంటపదముగ వాడిన కవు లనేకులు. వారందఱును వైద్యగ్రంథములను ముందుంచుకొని వ్రాసిరా? లేదు. జంటపదము కొన్నిచోట్ల ఐశ్వర్యమును చెప్పు వాడుకమాత్రమే. అర్థశాస్త్రమునాటి చందనమను పేరు క్రింద నేడు మన మెఱిగిన చెట్టు మాత్రమే కాక పలుజాతుల కొయ్యలుండె ననుటయు నిజమే. హరిచందనమునకు మామిడి వాసనయు సాతనమునకు మన్ను వాసనయు చెప్పబడినవి. వాసన లేని రక్తచందనమునకు సైతము చందననామమే కలదు. కావున ప్రతి ప్రయోగమునకును శాస్త్రార్థము నంటగట్టరాదు. కాని ఋతువు స్పష్టముగ నున్నచోట, ఒకే ద్రవ్యమును కవి పేర్కొన్నచోట, ఈ నియమమును పరీక్షింపక విడుచుట పొరపాటు. గ్రీష్మవర్ణనమున అగరులేపనము కానవచ్చినచో అది కవి యుద్దేశించిన వైపరీత్యమో, పాఠదోషమో, కేవలము వాడుకయో విచారింపవలెను. పాఠనిర్ణయమున నిది పెద్ద సాక్ష్యము కాకపోయినను సహాయ సాక్ష్యము కాగలదు.

ఈ యెన్నిక పాత పుస్తకములకే పరిమితమైనది కాదు. హైదరాబాదులో చార్మినారు ప్రాంతపు అత్తరు దుకాణమునకు పోయినవారికి సందలు, ఊదు అను రెండు పేర్లు వినబడును. సందలు మన చందనమే. ఆ పేరు పారసీకారబ్బీ భాషలలో తిరిగి మఱల మన యింటికి వచ్చినది. ఊదు అనగా అరబ్బీలో కొయ్య. ఈ సందర్భమున అగరు. తెలుగున గంధమను సామాన్యపదము చందనమునకు సొంతమైనట్లే, అరబ్బీలో కొయ్య యను సామాన్యపదము అగరునకు సొంతమైనది. నేడు పురుషుల కొఱకు సీసాలలో నమ్ము పరిమళములలో పెక్కు ఈ రెండింటిలో నొకదానిని పునాదిగ గొని, ఏలకులు, మిరియము, లవంగము, జాజికాయ మున్నగువాని ఘాటును చేర్చి కూర్చినవే. మొదటి క్షణమున ఘాటు రెండింటను నొకటిగనే తోచును. కొనువాడు ఏది మంచిదని యడుగును. కౌటిల్యుడైనచో ఆ ప్రశ్నను మార్చి, ఎప్పుడు, ఎచ్చటికి, ఎంతదూరము అని యడిగియుండును. చర్మమునంటి దగ్గఱనే నిలుచునది వేసవికిని ఇఱుకుగదికిని తగును. దూరమునకు పోవునది చలిరాత్రికిని బయలుకును తగును. మితముగ నన్న వాత్స్యాయనుని మాట రెండింటికిని వర్తించును.

ఐనను నాటికిని నేటికిని ఒక భేదము గలదు. నేటి సీసాలో చందన మన్నప్పుడు చందనమే యుండవలెనను నియమము లేదు. రసాయనశాలలో కూర్చిన ద్రవ్యములు దాని స్థానము నాక్రమించినవి. చెట్ల స్థితియు దీనికి కారణమే. చందనవృక్షము నేడు అంతర్జాతీయ పట్టికలలో ప్రమాదస్థితికి చేరిన జాతులలో నున్నది. మన యీశాన్యమున పెరుగు అగరుజాతి అంతకంటె తీవ్రమైన ప్రమాదమున నున్నది; దాని అంతర్జాతీయ వ్యాపారమును 1995 నుండి నియంత్రించుచున్నారు. వన్యములైన చెట్లు తరిగిన కొలది ఈ వాసనలను స్వయముగ నెఱిగినవారును తరుగుదురు.

ఇదియే మమ్ము కలవరపెట్టు సంగతి. వస్తువు కంటికి దూరమైనప్పుడు మాటయొక్క యర్థమును కాపాడు భారము పాఠశాలపై పడును. అగరువత్తిలో అగరు లేని కాలమున, అగరనగా నేమో చెప్పవలసినవాడు తెలుగు అధ్యాపకుడే. పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క కావ్యమును గైకొని, పరిమళద్రవ్యము కానవచ్చిన ప్రతిచోటను ఋతువేది, స్థానమేది, లేపనమా ధూపమా, ధరించువాడెవ్వడు అను నాలుగు ప్రశ్నలు వేసి పట్టికలు తయారు చేసినచో ఆంధ్రుల సాంఘికచరిత్రకు మేలగును. నాడు ప్రశ్న యడిగిన విద్యార్థి యిప్పు డెచ్చట నున్నాడో మే మెఱుగము. అతనికి మేము చెప్పవలసిన మాట యిది: అచ్చట చందనమన్నచో పద్యము చెడకపోవచ్చును గాని చలి పోదు.